ముందు గదిలో రూటరు, పెరటి డాబాలో ఉద్యోగం

అమలాపురం దగ్గరి ఒక పల్లె నుంచి ఒక ఇంటి చిన్నకోడలు రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వద్దన్నారు. పొడుగాటి ఉత్తరంతో పాటు ఇంటి పటం కూడా చేత్తో గీసి పంపారు. సారాంశం చెబుతాను.

వాళ్ళది పాత మండువా ఇల్లు. అత్తమామలు, బావగారు, తోటికోడలు, వాళ్ళ పిల్లలిద్దరూ అందులో ఉంటారు. పెరట్లో 1996 తుఫాను తర్వాత కట్టిన డాబా ఒకటుంది. కింది వాటాలో ఈవిడా భర్తా, పై వాటాలో అద్దెకున్న టీచరు దంపతులు. వంటా భోజనాలూ పెద్దింట్లోనే, అందరికీ కలిపే. ఇంటర్నెట్టూ అంతే. మావయ్యగారి పేరు మీద ఒకే ఫైబర్ కనెక్షను, 100 ఎంబీపీఎస్ ప్లాను. కంపెనీ ఇచ్చిన వైఫై బాక్సు, అంటే రూటరు, పెద్దింటి ముందు గదిలో టీవీ వెనక గూట్లో ఉంది. ఈవిడ హైదరాబాదులోని ఒక కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తారు. డాబాలో కూర్చుంటే మీటింగు మధ్యలో మాట తెగిపోతుంది. పెద్దింట్లో కూర్చుందామంటే టీవీ చప్పుడు, వచ్చేపోయే చుట్టాలు. "నెట్ సంగతి చూసుకోండి" అని మేనేజరు ఇప్పటికే హెచ్చరించారట.

బావగారు మంచి మనసుతో, వైఫైని అందుకుని ముందుకి పంపే రిపీటరు ఒకటి కొని డాబాలో పెట్టారు. ఫోన్లో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తున్నాయి, మీటింగు మాత్రం అలాగే తెగుతోంది. టీచరుగారు అడిగితే అత్తయ్యగారు పాస్‌వర్డు చెప్పేశారు. సాయంత్రం నెట్ నెమ్మదించినప్పుడల్లా "పొద్దస్తమానం ఆ ఆఫీసు పనికే లాగేస్తోంది, మా పిల్లల క్లాసులు ఆగిపోతున్నాయి" అని తోటికోడలు అంటున్నారు. ఆ మాట ఈవిడ చెవినే పడింది. నెట్ కంపెనీ అబ్బాయి 300 ప్లానుకి మారమంటున్నాడు. టౌన్లో షాపాయన, ఇల్లంతా ఒకే వైఫైగా పనిచేసే మూడు బాక్సుల మెష్ సెట్టు 24 వేలకి ఇస్తానంటున్నాడు. వేరే కనెక్షను పెట్టించుకుంటే గొడవ వదిలిపోతుందని భర్త అంటున్నారు. "వేరే కనెక్షను పెట్టిస్తే వేరు పడ్డారని ఊళ్ళో అనుకుంటారు. పెట్టించకపోతే నా ఉద్యోగం నిలిచేలా లేదు. ఏ రూటరు కొనమంటారు?" అని అడిగారు. మావయ్యగారి రొయ్యల చెరువు దగ్గర కెమెరా గురించి కూడా అడిగారు.

అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చినవి చివర్లో మీరు రాసిన అంకెలు. ఫోన్లో స్పీడు పరీక్ష చేసి రాశారు. బాక్సు పక్కన 92. మండువాలో 41. వెనక వసారాలో 11. డాబాలో మీ బల్ల దగ్గర 3 నుంచి 5. ఇవి చూశాక 300 ప్లాను మాట పక్కన పెట్టేయొచ్చు. కంపెనీ ఇస్తామన్న స్పీడు బాక్సు దాకా దాదాపు పూర్తిగా వస్తోంది. అక్కణ్ణుంచి మీ బల్ల దాకా రావడంలోనే పోతోంది. మన ప్రాంతం వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పంట బోదె పూడిపోయి ఉంటే ధవళేశ్వరం నుంచి కాలవకి ఎంత నీరు వదిలినా శివారు చేలకి నీళ్ళందవు. మీరు 300 తీసుకుంటే ముందు గదిలో 280 వస్తుంది, మీ బల్ల దగ్గర మళ్ళీ ఆ 5 వస్తుంది, నెల బిల్లు మాత్రం పెరుగుతుంది.

ఎక్కడ పోతోందో మీ పటమే చెబుతోంది. బాక్సు ముందు టీవీ, పక్కన నిలువుటద్దం ఉన్న ఇనప బీరువా, ఆ తర్వాత 18 అంగుళాల సున్నపు గోడ. మండువా దాటాక అలాంటిదే ఇంకో గోడ. 30 అడుగుల పెరడు, అందులో కొబ్బరిచెట్లు, ఆపైన డాబా గోడ. మొత్తం 90 అడుగులు. వైఫై సాధారణంగా రెండు బ్యాండ్ల మీద నడుస్తుంది. 5 గిగాహెర్ట్జ్ బ్యాండుకి వేగం ఎక్కువ, గోడలు దాటే సత్తా తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ గోడల్ని కాస్త మెరుగ్గా దాటుతుంది కానీ వేగం తక్కువ. పైగా అందులో ఒకదానికొకటి అడ్డు తగలని ఛానెళ్ళు మూడే, 1, 6, 11. చుట్టుపక్కల ఇళ్ళ రూటర్లన్నీ ఆ మూడింట్లోనే సర్దుకోవాలి. మీ డాబాకి చేరుతున్నది ఈ రెండోదే, అదీ మిగిలిన కాస్తా.

షాపులో "ఆరు యాంటెన్నాలది తీసుకోండి, ఊరంతా వస్తుంది" అంటే నమ్మకండి. రూటరు ఎంత గట్టిగా అరిచినా లాభం లేదు. మీ ల్యాప్‌టాప్, మీ ఫోను తిరిగి జవాబివ్వాలి కదా. వాటి గొంతు చిన్నది. ఆ జవాబు అన్ని గోడలూ దాటి వెనక్కి వెళ్ళలేకపోతే సంభాషణ అక్కడితో ఆగిపోయినట్టే.

రిపీటరు కథా ఇంతే. అది రూటరు చెప్పింది విని, అదే మాటని మీకు మళ్ళీ చెబుతుంది. ఒకే రేడియోతో వినడం, చెప్పడం రెండూ చెయ్యాలి కాబట్టి ఉన్న వేగంలో సగం దానికే పోతుంది. పైగా దాన్ని సిగ్నల్ అడుగంటిన చోటే పెట్టారు. మీ ఫోన్లో కనిపించే నిండు గీతలు ఫోనుకీ రిపీటరుకీ మధ్య సంగతి. రిపీటరుకీ ముందు గదికీ మధ్య సంగతి ఆ గీతలు చెప్పవు.

ఇప్పుడు మీకు కొంచెం కష్టం కలిగించే మాట ఒకటి చెప్పాలి. మీరు అక్క అని పిలుస్తున్న మీ తోటికోడలు అన్నదాంట్లో కొంత నిజం ఉంది. మీరు డేటా ఎక్కువ వాడేస్తున్నారన్నది నిజం కాదు. వీడియో మీటింగుకి గంటకి 1 నుంచి 2 జీబీ మధ్య అవుతుంది, ముందు గదిలో టీవీలో హెచ్‌డీ సినిమా పెడితే గంటకి 3 జీబీ దాకా పోతుంది. కానీ వైఫైలో ఒక ఛానెల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. దూరాన, బలహీనమైన సిగ్నల్ మీద ఉన్న పరికరం అదే సమాచారాన్ని నెమ్మదిగా, మళ్ళీ మళ్ళీ పంపుతుంది. అది ముగించేదాకా మిగతావాళ్ళు ఆగాల్సిందే. మీ డాబాలో ల్యాప్‌టాప్, పై వాటాలో టీచరుగారి ఫోన్లు, మధ్యలో రెండుసార్లు మాట్లాడే రిపీటరు, ఇవన్నీ కలిసి పెద్దింట్లో అదే బ్యాండు మీద ఉన్న పిల్లల ట్యాబ్‌ని కూడా నిలబెట్టేస్తున్నాయి. ఇందులో మీ తప్పేం లేదు, అమరిక తప్పు. అయితే దీనివల్ల మీకొక మంచి మాట దొరికింది. డాబాని గాలి మీద నుంచి తప్పించి వైరు మీదకి మారిస్తే మీ మీటింగుతో పాటు అక్కగారి పిల్లల క్లాసూ బాగుపడుతుంది. ఇంట్లో ఈ విషయం ఎత్తేటప్పుడు అక్కణ్ణుంచే మొదలుపెట్టండి.

డబ్బు పెట్టేముందు పైసా ఖర్చు లేనిది ఒకటి చేసి చూడండి. బాక్సుని టీవీ వెనక నుంచి తీసి, ఛాతీ ఎత్తున, ఎదురుగా ఏ అడ్డూ లేని చోట పెట్టించండి. దానికొచ్చే సన్నటి ఫైబర్ వైరుని మడత పెట్టకండి, లాగకండి, లోపల ఉన్నది గాజుపోగు. వైరు చాలకపోతే కంపెనీ అబ్బాయినే పిలిచి బాక్సుని మండువా వసారాలోకి మార్పించండి. వాన జల్లు పడని మూల చూసుకోవాలి సుమా. మండువాకి పైకప్పు తెరిపి కాబట్టి నాలుగు వైపుల గదులకీ అక్కణ్ణుంచి సిగ్నల్ బాగా చేరుతుంది. మన పాత ఇళ్ళలో వైఫైకి కలిసొచ్చే చోటు అదొక్కటే. రిపీటరుని డాబాలోంచి తీసి వెనక వసారాలో, మీ కిటికీకి ఎదురుగా పెట్టండి. మళ్ళీ అవే నాలుగు చోట్ల, పొద్దునొకసారి, రాత్రి ఎనిమిదింటికొకసారి కొలవండి. వీడియో మీటింగుకి రానూపోనూ నిలకడగా 4 ఎంబీపీఎస్ ఉంటే చాలు. ఈ మార్పుతోనే ఆ నిలకడ వస్తే కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు. కానీ ఉద్యోగం మొత్తం దీని మీద ఆధారపడి ఉంది కాబట్టి నేనైతే ఇక్కడ ఆగను. వానాకాలం తడిసిన కొబ్బరాకులు కూడా 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని బాగానే మింగేస్తాయి.

నా మొగ్గు వైరు వైపే. పెద్దింటి నుంచి డాబాకి ఒక వైరు లాగి, డాబాలో ఒక యాక్సెస్ పాయింటు పెట్టడం. యాక్సెస్ పాయింటు అంటే వైరు ద్వారా వచ్చిన నెట్‌ని అక్కడ మళ్ళీ వైఫైగా ఇచ్చే పెట్టె, అంతే. దానికి రిపీటరులా గాల్లోంచి ఏరుకోవాల్సిన పని లేదు. ముందు గదిలో 92 వస్తే మీ బల్ల దగ్గరా దాదాపు అంతే వస్తుంది.

వైరు సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే జనం రూటరు కంపెనీ పేరు మీద వారం రోజులు ఆలోచించి, వైరు మాత్రం షాపువాడు ఏదిస్తే అది తెచ్చేసుకుంటారు. ఇంటి లోపల క్యాట్ 6 కేబుల్ సరిపోతుంది. రాగి కేబుల్ 100 మీటర్ల దాకా వెళ్ళగలదు, మీకు 30 మీటర్లు చాలు. చవగ్గా దొరికేవాటిలో చాలావాటికి లోపల అల్యూమినియం తీగ, పైన రాగి పూత ఉంటుంది. పెట్టె మీద సీసీఏ అని రాసి ఉంటే అదే. అది వద్దు. పూర్తి రాగిది అడగండి. చూరు వెంబడి ఉత్తగా వదిలేస్తే ఎలుకలు, ఉడతలు కొరికేస్తాయి కాబట్టి పీవీసీ గొట్టంలో లాగించండి. కరెంటు వైర్లు ఉన్న గొట్టంలోనే దూర్చడానికి ఎలక్ట్రీషియన్ తొందరపడతాడు, ఒప్పుకోకండి.

పెరడు దాటే ఆ 30 అడుగులు మాత్రం వేరే లెక్క. అక్కడ రాగి వైరు వద్దంటాను. పెద్దింటి ఎర్తింగు వేరు, డాబా ఎర్తింగు వేరు, మధ్యలో కొబ్బరిచెట్లు. ఎండాకాలం చివర ఈదురుగాలులప్పుడు మన దగ్గర కొబ్బరిచెట్ల మీద పిడుగులు పడటం మీరు చూసే ఉంటారు. దగ్గర్లో పిడుగు పడితే ఆ రెండిళ్ళ మధ్య ఉన్న రాగి తీగలో వోల్టేజి ఎగదన్ని రెండు వైపులా ఉన్న పెట్టెలూ కాలిపోవచ్చు, వాటికి తగిలించిన ల్యాప్‌టాప్ కూడా. ఫైబర్ వైరులో కరెంటు పారదు. లోపల ఇనప తీగ ఆధారం లేని రకం తీసుకుని, అడుగున్నర లోతున గొట్టంలో పూడ్పించండి. రెండు కొసలా మీడియా కన్వర్టర్ అనే చిన్న పెట్టెలు పెడితే చాలు, అవి ఫైబర్‌లోని వెలుతురుని మామూలు నెట్ కేబుల్లోకి మారుస్తాయి. మీ నెట్ కంపెనీ అబ్బాయి రోజూ చేసే పని ఇదే, ఫైబర్ అతికే మిషను అతని దగ్గరే ఉంటుంది. కోనసీమలో ఇంటింటికీ ఫైబర్ అన్న మాట 2016 చివర్లో సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంతో మొదలైంది. అప్పట్లో ఊళ్ళోకి వైరు రావడమే గొప్ప. ఇప్పుడు ఆ పని తెలిసిన కుర్రాళ్ళు ప్రతి మండలంలోనూ ఉన్నారు.

ఇక మీరడిగిన రూటరు. ఇక్కడ ఎక్కువ ఆలోచించక్కర్లేదు. రెండు బ్యాండ్లున్న వైఫై 6 (వైఫైలో ఆరో తరం) రూటరు చాలు, మూడు నాలుగు వేలల్లో వస్తాయి. మీ 100 ప్లానుకి వైఫై 7 అనవసరం. పెట్టె మీద 1500, 1800 అని ఉండే అంకెలు రెండు బ్యాండ్ల గరిష్ఠ వేగాలూ కలిపి వేసినవి, మీ ఇంట్లో ఎప్పటికీ కనిపించవు. వైరు తగిలించే పోర్టులు గిగాబిట్‌వేనా, అంటే 1000 ఎంబీపీఎస్ దాకా మోసేవేనా అన్నది మాత్రం తప్పక చూడండి. అలాంటివి రెండు తీసుకోండి. ఒకటి మండువాలో అసలు రూటరుగా, ఇంకొకటి డాబాలో యాక్సెస్ పాయింటు మోడ్‌లో. చాలా రూటర్లలో ఆ మోడ్ ఉంటుంది, కొనేముందు అడగండి. ఆ మోడ్‌లో పెట్టకుండా రూటరు వెనక రూటరు తగిలిస్తే ఇంట్లో రెండు వేరు నెట్‌వర్కులు తయారవుతాయి. ప్రింటరు కనపడకపోవడం, ఫోన్లోది టీవీలో రాకపోవడం, ఒక్కోసారి ఆఫీసు నెట్‌వర్కులోకి భద్రంగా కలిపే వీపీఎన్ మొరాయించడం దానివల్లే. రెండింటికీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డు పెడితే మీరు భోజనానికి పెద్దింట్లోకి వెళ్ళినప్పుడు ఫోను తనంతట తనే అటు మారుతుంది. కంపెనీ బాక్సులోని వైఫైని ఆపించి, దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే నెట్‌ని మీ రూటరుకి అందించడం మాత్రమే చేసేలా పెట్టమని అడగండి. కొందరు చేస్తారు, కొందరు చెయ్యరు. చెయ్యనంటే కంపెనీ బాక్సునే అసలు రూటరుగా ఉంచి, మీ రెండింటినీ యాక్సెస్ పాయింట్లుగా వాడుకోండి. కొంత సదుపాయం పోతుంది గానీ పని ఆగదు.

పోయేది సాయంత్రం రద్దీని అదుపు చేసే సదుపాయం. సొంత రూటరు ఉంటే అందులో క్యూఓఎస్ అనే అమరిక ఉంటుంది. పిల్లలు గేము డౌన్‌లోడ్ పెట్టినప్పుడో, బావగారి ఫోను పెళ్ళి ఫొటోలన్నీ క్లౌడ్‌కి ఎక్కిస్తున్నప్పుడో లైను నిండిపోయి, మీటింగు మాటలు వాటి వెనక వరసలో నిలబడిపోతాయి. రూటరులో మొత్తం వేగాన్ని మీకు నిజంగా వచ్చేదానికన్నా పది శాతం తగ్గించి రాసి, మీటింగులకీ క్లాసులకీ ముందు దారి ఇమ్మని చెబితే ఈ తంటా చాలావరకు పోతుంది. "ముందు దారి" అన్నచోట మీ ల్యాప్‌టాప్‌తో పాటు పిల్లల ట్యాబ్ కూడా తప్పకుండా పెట్టండి. అక్కగారి ఎదురుగా కూర్చుని పెట్టండి.

మెష్ సెట్టు చెడ్డదేం కాదు. ఫోను యాప్‌లో సులువుగా అమర్చుకోవచ్చు, రెండు పెట్టెల మధ్య మారడం కూడా నున్నగా జరుగుతుంది. కానీ ఆ పెట్టెలు తమలో తాము గాల్లో మాట్లాడుకుంటే మీ గోడలకి అవీ తలవంచాల్సిందే. మెష్ తీసుకోవాలనే అనుకుంటే మూడు కాదు, రెండు పెట్టెలది చాలు. వెనక వైరు పోర్టులున్నది తీసుకుని పైన చెప్పిన ఫైబర్ మీదే కలపండి. వైరు లేని మెష్‌కి 24 వేలు పోయడం కన్నా వైరుకి నాలుగైదు వేలు పెట్టడం నయం.

వేరే కనెక్షను గురించి మీ ఆయన చెప్పింది తీసిపారెయ్యదగ్గది కాదు. మీ పేరు మీద, డాబాకే నేరుగా, నెలకి నాలుగైదు వందల్లో వచ్చే చిన్న ప్లాను పెట్టించుకుంటే ఇంత తవ్వకం ఉండదు. అందరి ఫోన్లతో మీకు సంబంధం ఉండదు. కొన్ని కంపెనీలు ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి నెట్ బిల్లు తిరిగిస్తాయి కూడా, మీ హెచ్ఆర్‌ని అడగండి. వేరు కంపెనీది తీసుకుంటే ఒకటి పోయినా రెండోది ఉంటుందన్న భరోసా కొంత. కొంత అనే ఎందుకంటున్నానంటే మన దగ్గర అందరి వైర్లూ అవే కరెంటు స్తంభాల మీద, అవే కొబ్బరితోటల మధ్య నుంచి వస్తాయి. గాలివానకి మట్ట పడితే రెండూ ఒకేసారి తెగుతాయి. నష్టమేమిటో మీరే రాశారు. ఒకే పొయ్యి మీద వండుకునే ఇంట్లో రెండో కనెక్షను రాగానే మాటలొస్తాయి. అక్కగారు ఆ మాట అన్న వారానికే పెట్టిస్తే అది జవాబులాగానే వినిపిస్తుంది. ఈ దారే ఎంచుకుంటే రెండు జాగ్రత్తలు. ఒకటి, మావయ్యగారితో ముందే చెప్పండి, అడిగినట్టుగా చెప్పండి, "ఆఫీసు వాళ్ళు విడిగా లైను ఉండాలంటున్నారు" అనండి. మేనేజరు మాట చూస్తే అది అబద్ధమేం కాదు. రెండు, పెద్దింటి బిల్లులో మీ వాటా ఆపకండి. వాటా ఆగిన రోజునే వేరు పడ్డారన్న మాట పుడుతుంది.

వైరు దారి పట్టినా డబ్బు లెక్క ముందే తేల్చుకోవాలి. పెరట్లో పూడ్చే వైరు ఇంటి ఆస్తి, మండువాలో పెట్టే రూటరు అందరిదీ. వాటిని అన్నదమ్ములిద్దరూ సగం సగం భరించడం న్యాయం. డాబాలో పెట్టే పెట్టె మీరే కొనుక్కోండి. రేపు బదిలీయో, హైదరాబాదు మకామో వస్తే మీతో తీసుకెళ్ళొచ్చు. ఈ ప్రస్తావన మీరు కాకుండా మీ ఆయన వాళ్ళ అన్నయ్యతో తేవడం మంచిది. వైరు ఎటునుంచి లాగాలో, గొట్టం ఎక్కడ పూడ్చాలో బావగారినే దగ్గరుండి చూడమని అడగండి. ఆయన రిపీటరు తెచ్చింది మీ ఇబ్బంది చూసే కదా. దాన్ని తీసి అటక మీద పడేస్తే ఆయన నొచ్చుకుంటారు. పెద్దింట్లో వంటింటి వైపు సిగ్నల్ తక్కువని రాశారు, మండువా నుంచి అక్కడికి ఒకటే గోడ. అత్తయ్యగారి సీరియల్‌కి ఆ రిపీటరు అక్కడ చక్కగా పనికొస్తుంది.

అక్కగారితో మీరు లెక్కలు చెప్పి వాదించకండి. గంటకి ఇన్ని జీబీలు అని నేను పైన రాసింది మీ ధైర్యానికే, ఆవిడ ముందు పెట్టడానికి కాదు. కొత్త రూటరు యాప్‌లో ఏ ఫోను ఎంత వాడుతోందో కనిపిస్తుంది. నెలాఖరున మీరిద్దరూ కలిసి ఒకసారి చూస్తే ఎవరికీ అనుమానం మిగలదు. ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. కొన్ని రూటర్లు ఎవరు ఏ సైట్లు చూశారో కూడా చూపిస్తాయి. ఆ సదుపాయాన్ని మొదటి రోజే ఆపేసి, ఆపేశామని అందరికీ చెప్పండి. ఇంట్లో పదో తరగతి పిల్లవాడున్నాడు, పెద్దవాళ్ళున్నారు, ఎవరి ఫోను గుట్టు వాళ్ళది. రూటరు అమరికలు మార్చడానికి కావలసిన అడ్మిన్ పాస్‌వర్డు మీ ఒక్కరి దగ్గరే ఉంచుకోకండి. కాగితం మీద రాసి మావయ్యగారి బీరువాలో పెట్టించండి.

టీచరుగారి విషయంలో మాత్రం మెతకగా ఉండొద్దంటాను. కనెక్షను మావయ్యగారి పేరు మీద ఉంది. ఆ లైను మీద ఎవరు ఏ పాడుపని చేసినా కంపెనీ రికార్డుల్లో కనిపించేది ఆయన పేరే, పోలీసులు ముందు ప్రశ్నించేదీ ఆయన్నే. టీచరు దంపతులు మంచివాళ్ళే కావచ్చు. వాళ్ళింటికొచ్చే ట్యూషను పిల్లలందరి ఫోన్లలోనూ ఆ పాస్‌వర్డు చేరిపోయి ఉంటుంది కదా. పైగా ఇంటి కనెక్షనుని బయటి కుటుంబానికి పంచకూడదని, డబ్బు తీసుకుని అసలే ఇవ్వకూడదని చాలా కంపెనీల షరతుల్లో ఉంటుంది. ముఖం మీద చెప్పలేమంటారా? కొత్త రూటరు పెడుతున్నారు కాబట్టి పాస్‌వర్డు ఎలాగూ మారుతుంది. అప్పుడు అడిగితే బయటివాళ్ళ కోసం వేరే పేరూ పాస్‌వర్డూ ఉండే గెస్ట్ నెట్‌వర్కు ఒకటి విడిగా పెట్టి, వేగానికి హద్దు పెట్టి, "మీ కనెక్షను వచ్చేదాకా వాడుకోండి" అని అత్తయ్యగారి చేతే చెప్పించండి. కంపెనీ అబ్బాయి ఎలాగూ ఇంటికొస్తాడు, వాళ్ళకీ అదే రోజు విడిగా కనెక్షను పెట్టించేయొచ్చు. పాస్‌వర్డు మార్చేటప్పుడు వైఫైకి తాళం వేసే పద్ధతుల్లో డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఎంచుకోండి, పాస్‌వర్డు కొట్టకుండానే కలిపేసే డబ్ల్యూపీఎస్ బటన్ ఆపేయండి.

కరెంటు గురించి మీరు రాయలేదు గానీ అది మర్చిపోతే ఇంత ఖర్చూ వృథా. కంపెనీ బాక్సు, రూటరు, రెండు కన్వర్టర్లు, డాబాలో పెట్టె, ఈ అయిదింటిలో ఏ ఒక్కటి ఆగినా మీ మీటింగు ఆగుతుంది. పెద్దింట్లోవి ఇన్వర్టరు ప్లగ్గు మీద ఉన్నాయో లేదో చూడండి. డాబాకి ఇన్వర్టరు లేదు కాబట్టి రూటర్ల కోసం వచ్చే చిన్న డీసీ యూపీఎస్ ఒకటి కొనండి. కొనేముందు మీ పెట్టె అడాప్టరు మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లని ఉందో ఫొటో తీసి షాపులో చూపించండి. కన్వర్టర్లు చాలావరకు 5 వోల్టులవి, రూటర్లు ఎక్కువగా 12 వోల్టులవి, తారుమారైతే కాలిపోతాయి. గాలివాన రోజులకి మీ ఫోన్లో వేరే నెట్‌వర్కు సిమ్ము ఒకటి, హాట్‌స్పాట్ కోసం.

చివర్లో మీరు అడిగిన చెరువు కెమెరా సంగతి. మావయ్యగారి రొయ్యల చెరువు ఇంటికి అర కిలోమీటరు దూరం, మధ్యలో తోట ఉందన్నారు. ఈ వైఫై అంత దూరం రాదు, ఏ రూటరు కొన్నా రాదు. ఇంటి డాబా మీదా చెరువు గట్టు మీదా ఎదురెదురుగా యాంటెన్నాలు పెట్టి లింకు కలిపే పరికరాలున్నాయి, కానీ వాటికి మధ్యలో ఆకు కూడా అడ్డు ఉండకూడదు. కొబ్బరితోట మీదుగా చూపు సాగాలంటే రెండు వైపులా టవర్లంత ఎత్తు స్తంభాలు కావాలి. సిమ్ము వేసుకునే 4జీ కెమెరా తీసుకోండి. గట్టు మీద ఏ కంపెనీ సిగ్నల్ బాగా వస్తుందో రెండు మూడు ఫోన్లతో రాత్రిపూట చూసి, ఆ సిమ్మే వెయ్యండి. ఏరియేటర్ల కోసం అక్కడ కరెంటు ఎలాగూ ఉంది. కెమెరా అడాప్టరుని మాత్రం మోటార్ల స్టార్టరు బోర్డు నుంచి కాకుండా విడి ప్లగ్గు నుంచి, వోల్టేజి ఎగదన్నినా కాపాడే సర్జ్ ప్రొటెక్టరు పెట్టి ఇప్పించండి. ఉప్పుగాలికి పిన్నులు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి ప్లగ్గూ అడాప్టరూ మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో ఉండాలి.